కరెంటు పోయిన పొద్దు

ఐదు యాభైకి ఫీడరు పడిపోయింది.
మౌలాలి గుట్ట కింద గల్లీలన్నీ
ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి.

మీకది చీకటి.
నా చెవులకు హెడ్‌ఫోన్ ఉంది.
పదకొండేళ్లుగా నూట అరవై మీటర్ల బ్యాండు మీద
నేను విన్నది ముప్పాతిక వంతు ఈ ఊరినే:
శంషాద్ ఆపా టీవీ మూలుగు,
ఎదురింటి చేపల తొట్టి మోటారు,
చవకగా కొన్న ఎల్ఈడీ బల్బులు, జోరీగల గుంపు.
లిఫ్టు మూడో అంతస్తు ఎక్కిందంటే
అట్లాంటిక్ మొత్తం మునిగిపోయేది.

ఆ పొద్దు మీటరు ముల్లు
తొమ్మిది నుంచి ఒకటికి జారి
పిల్లిలా అక్కడే ముడుచుకుని పడుకుంది.
గాలి ఇంత ఖాళీగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు నాకు.

కాదు, చెప్పింది.
మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో కోరా మిస్,
స్టీలు గ్లాసు మీద చెంచాతో
డిట్లూ డాలూ నేర్పినామె.
"కింది బ్యాండ్లు పిలిస్తే రావురా.
చలికాలం, తెల్లారగట్ల, దొంగల్లా వస్తాయి,
మెలకువతో ఉండు" అనేది
ఉల్లిగడ్డలు తరుగుతూ, ముక్కు చీదుతూ.

డాబా మీద నా తీగ
నీళ్ల ట్యాంకు నుంచి వెదురు బొంగు దాకా
నలభై మీటర్లు, ఒక మలుపు తిరిగి.
బట్టల తీగే అనుకుంటారు కింది వాటా వాళ్లు.
ఒకసారి దానికి ఎవరిదో చున్నీ దొరికింది.

డిసెంబరు మూడో వారంలో కొన్ని తెల్లారులు మాత్రం
ఇక్కడి పొద్దుపొడుపూ అక్కడి పొద్దుగుంకూ
ఒకే నిమిషంలో పడతాయి.
అక్కడ అంటే పుంటా అరేనాస్. చిలీ దేశం అట్టడుగు.
గ్లోబులో మన ఊరి మీద దబ్బనం గుచ్చితే
అటూఇటుగా ఆ దిక్కునే తేలుతుంది.
వెలుగుకీ చీకటికీ నడుమ బూడిదరంగు గట్టు ఒకటి,
దాని మీద నడిస్తే నా వంద వాట్లు
కాలు జారకుండా చేరతాయి.

ఆరు పదికి ఫోను.
"బేటా, కరెంటు ఎప్పుడొస్తది?"
"లైన్‌మన్ బయల్దేరిండు ఆపా."

ఆ లైన్‌మన్‌ని నేనే.
ఎక్కడ కాలిందో కళ్లు మూసుకుని చెప్పగలను:
సమోసా దుకాణం మలుపు, స్తంభం, రెండో జంపరు.
నిన్న సాయంత్రమే నీలంగా మెరిసి సైగ చేసింది.
నిచ్చెన గుమ్మంలో ఉంది.
తొడుగులు దాని మెట్టు మీదే ఉన్నాయి.
కారు బ్యాటరీ మీద రేడియో వెచ్చగా ఉంది.

ఆరు ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది.
చర్లపల్లి వైపు ఆకాశం పలచబడుతోంది.
అప్పుడు వినపడింది.
వినపడిందా?
నీళ్ల అడుగున ఎవరో గోటితో పలక గీకినట్టు
నా పిలుపు గుర్తులో చివరి రెండక్షరాలు,
పక్కన ఒక ప్రశ్న.
మళ్లీ పంపాను. మళ్లీ.
చెయ్యి వణికి ఒక డిట్ ఎక్కువైంది,
అతను పట్టించుకోలేదు.

మూడు మూడు తొమ్మిది, అన్నాడు.
కష్టమ్మీద వింటున్నాను, బలం లేదు,
స్వరం మాత్రం శుభ్రం, అని దానర్థం.
పేరు నిబాల్దో.
నేనూ అదే అంకె తిరిగిచ్చాను.
అక్కడ గాలి ఎట్లుందో అడుగుదామనుకునేలోపు
ఎండ పడింది, గట్టు తెగింది,
మనిషి మునిగాడు.

నిచ్చెన ఎత్తుకుని పరుగు.
ఏడు ఐదుకి మోటార్లూ మిక్సీలూ జోరీగలూ అన్నీ లేచాయి.
పిల్లలు హే అని అరిచారు.
కిటికీలోంచి ఆపా "జీతే రహో" అంది,
రెండు మాటలకు నడుమ ఆగి.
ఆమె ఆయాసం మందు మిషను కరెంటుతోనే నడుస్తుందని
తర్వాతెప్పుడో తెలిసింది నాకు.

ఆఫీసు రిజిస్టరులో రాశాను:
సప్లై ఇచ్చిన సమయం ఆరు ముప్పై ఐదు.
ఎవరు చూస్తారు.
రేడియో లాగు బుక్కులో రాశాను, లోకమంతటి గడియారంలో:
సున్నా ఒకటి పదకొండు.
మన లెక్కకు ఆరు నలభై ఒకటి.
చప్పుడు గడిలో: లేదు.

రెండూ నా చేతిరాతే.
ఒకే అల్మారాలో, ఒకటి పై అరలో, ఒకటి కింద.
ఇంతవరకు ఒకదాన్నొకటి
తెరిచి చూసుకోలేదు.